ఆటోనగర్ నుంచి మోటుపల్లి దాకా

మా బావది విజయవాడ ఆటోనగర్‌లో పాత బ్యాటరీల వ్యాపారం. వాటిలోని సీసమే అతనికి అన్నం. చీరాలలో రావాల్సిన బాకీ ఉందంటే, మోటుపల్లి చూపిస్తానన్న మాట మీద నేనూ బండెక్కాను.

కాజ టోల్‌గేటు దాటగానే మొదలెట్టాడు. "సీసానికి 18 శాతం జీఎస్టీ. సరుకు 50 వేలు దాటితే ఈ-వే బిల్లు. ఆపైన డీజిలు, టోలు, కాటా డబ్బులు. నా ఒళ్ళునొప్పులు ఇంకా వెయ్యలా!"

గుంటూరులో ఇడ్లీ, చీరాలలో "వచ్చే వారం ఇస్తా" అన్న జవాబు. ఆ రెండూ ముగించుకుని, చినగంజాం ఉప్పు కొటారుల వైపు తిరిగాం.

మోటుపల్లి ఒకప్పుడు కాకతీయుల రేవంటే బావ నమ్మలేదు. వీరభద్రస్వామి గుడి మండపంలో స్తంభం ముందు నిలబెట్టాను. 1244 నాటి గణపతిదేవుడి అభయశాసనం అది. తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా అంతకుముందు రాజులు లాక్కునేవాళ్ళట. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రమెక్కినవాళ్ళని చూసి జాలిపడి, సుంకం తప్ప ఇంకేమీ ముట్టనన్నాడీయన. ఎగుమతైనా దిగుమతైనా ముప్పైకి ఒకటి. సుంకాల పట్టీలో పన్నీరు, పగడాలు, పట్టుదారం, రాగి పక్కనే సీసమూ ఉంది.

"నూటికి మూడుంపావు చిల్లరా? ఆ రాజుని మళ్ళీ పిలు!"

పిలవచ్చు గానీ, జీఎస్టీ అయితే కొన్నప్పుడు కట్టింది అమ్మినప్పుడు తగ్గించుకుంటాడు. ఆ సుంకం పోతే పోయినట్టే. ఈ మాట పైకనలేదు, భోజనం అతనే పెట్టించాలి.

సముద్రం ఒడ్డున కూర్చున్నాక బావకి బాగా నచ్చిన సంగతి వేరే. తర్వాతి కాలంలో ఇంగ్లీషు కంపెనీ ఓడలు సీసాన్ని అడుగున పరుచుకుని వచ్చేవి. ఓడ ఒరగకుండా ఎలాగూ బరువు కావాలి. రాళ్ళకి బదులు సీసం వేస్తే దాని రవాణా దాదాపు ఉచితం. పైగా 1632లో గోల్కొండ సుల్తాను, ఏడాదికి 500 వరహాలు కడితే తన రేవుల్లో సుంకమే అక్కర్లేదని వాళ్ళకి ఫర్మానా ఇచ్చాడు. అదే సీసం గట్టెక్కిందంటే ఎద్దుల నడుములు విరిగేవి, దారిలో సుంకరులు చేతులు చాచేవాళ్ళు. నీళ్ళ మీద వరమైన బరువు నేల మీద శాపం.

"నాదంతా నేల మీదే," అన్నాడు బావ.

తిరుగు ప్రయాణంలో టోలు ఎగ్గొడదామని గుంటూరు దాటాక పక్క రోడ్డు పట్టాడు. చీకట్లో చేలగట్లు, రెండు ఊళ్ళు, ఓ కుక్క. గంట తిరిగి పెదకాకాని దగ్గర మళ్ళీ హైవే మీద తేలాం. ఎదురుగా కాజ. సుంకం తప్పించుకోవాలని రాత్రంతా అడ్డదారుల్లో తిరిగి, తెల్లారేసరికి సుంకరి గుడిసె ముందుకే చేరినవాడి కథ ఉంది కదా, ఘట్టకుటీ ప్రభాతం. మాకు తెల్లారలేదు, రాత్రి తొమ్మిదిన్నరే అయింది.