ఫరో హృదయాన్ని కఠినపరచింది ఎవరు?

మోషే ఇంకా ఐగుప్తుకు చేరకముందే, అక్కడి రాజు ఫరో హృదయాన్ని కఠినపరుస్తానని దేవుడు చెప్పేశాడు (నిర్గమకాండము 4:21). అలాంటప్పుడు ఇశ్రాయేలీయులను వెళ్లనివ్వని పాపం ఫరోది ఎలా అవుతుంది? ఈ ప్రశ్న రాగానే చాలామంది రోమా 9:18 తెరుస్తారు: దేవుడు తాను కోరినవారిని కనికరిస్తాడు, తాను కోరినవారిని కఠినపరుస్తాడు అన్న వచనం. దానికంటే ముందు నిర్గమకాండము 4 నుంచి 14 వరకు పెన్సిల్ పట్టుకుని చదవండి. హృదయం కఠినమైందన్న చోట ఒక గుర్తు, తానే కఠినపరచుకున్నాడన్న చోట ఇంకొకటి, యెహోవా కఠినపరచాడన్న చోట మరొకటి పెట్టండి.

"కఠినపరచుకొను" అనే మాటలో, తనకు తానే చేసుకున్నాడని చెప్పే ఆ "కొను" దగ్గర తప్పకుండా ఆగాలి. 8:15, 8:32, 9:34లలో కఠినపరచుకున్నది ఫరోనే. యెహోవా కఠినపరచాడని జరిగిన సంగతిగా మొదట కనిపించేది 9:12లో, దేవుడు ఐగుప్తు మీదికి పంపిన తెగుళ్లలో ఆరోదాని తర్వాత.

రెండో తెగులు చూడండి. పడకల మీద కప్పలు, పొయ్యిల్లో కప్పలు, పిండి పిసికే తొట్లలో కప్పలు. వాటిని తొలగించమని ఎప్పుడు ప్రార్థించాలో నువ్వే చెప్పు అంటాడు మోషే. ఫరో "రేపు" అంటాడు. ఇంకొక రాత్రి కప్పలతోనే గడపడానికి ఒప్పుకున్నాడు! ఆ మాట అతని నోట ఎవరూ పెట్టలేదు. ఉపశమనం దొరకగానే మనసు మళ్లీ బిగించుకున్నాడు.

ఇక 9:12. దద్దుర్ల బాధకు ఫరో కొలువులోని శకునగాండ్రు (మంత్రగాళ్లు) మోషే ఎదుట నిలవలేకపోయారు. అక్కడి హీబ్రూ క్రియ "హాజాక్"కు గట్టిపరచడం, బలపరచడం అని అర్థం. నొప్పికి లొంగిపోకుండా, తాను కోరుకున్న దారిలోనే నిలబడే బలం ఫరోకు దొరికిందని కొందరు వ్యాఖ్యాతలు చదువుతారు. నాకు ఇది వచనానికి దగ్గరగా అనిపిస్తుంది. అయినా 4:21ని ఇది పూర్తిగా విప్పదు. తొలినాళ్ల సంఘ బోధకుడు అగస్టీను, దేవుడు చెడుతనాన్ని లోపల పెట్టడు, కనికరాన్ని ఇవ్వకుండా ఉంటాడు అన్నాడు. 1525లో సంఘ సంస్కర్త లూథర్ తన పుస్తకంలో కుంటి గుర్రం పోలిక తెచ్చాడు: నడిపించేది రౌతే, కుంటు మాత్రం గుర్రానిది. అంతకుముందు ఏడాది పండితుడు ఎరాస్మస్ స్వేచ్ఛాచిత్తం (మనిషి తానే ఎంచుకోగలడన్న మాట) పక్షాన రాసిన పుస్తకానికి లూథర్ పుస్తకం జవాబు.

వడగండ్ల తెగులు చదివేటప్పుడు 9:20, 21 దాటిపోకండి. ఒకే రాజు కొలువు, ఒకే హెచ్చరిక. యెహోవా మాటకు భయపడిన సేవకులు పశువుల్ని ఇళ్లలోకి తోలుకున్నారు. లక్ష్యపెట్టనివాళ్లు పొలంలోనే వదిలేశారు.