పుస్తకం పోతే పక్క కాలేజీకి

కేంబ్రిడ్జ్ వెళ్ళినవాళ్ళు పడవెక్కకుండా రారట. ఊళ్ళోకి అడుగుపెట్టామో లేదో పడవ టికెట్లమ్మే కుర్రాళ్ళు చుట్టూ మూగారు. వాళ్ళు చెప్పిన రేటు రూపాయల్లోకి మార్చుకుని గబగబా నడిచాను. లండన్‌లో కింగ్స్ క్రాస్ స్టేషన్ దగ్గర రైలు టికెట్‌కే అప్పటికి ప్రాణం ఉసూరుమంది. "మామయ్యగారూ, ఇక్కడైనా లెక్కలు మానేయండి" అంది కోడలు. శాఖా గ్రంథాలయంలో రిటైరైనవాడికి అది అయ్యే పనేనా?

నేను వచ్చింది మాథ్యూ పార్కర్ కోసం. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో కాంటర్‌బరీ ఆర్చిబిషప్, అంటే ఇంగ్లండ్ చర్చికి పెద్ద మతగురువు. 1572లో జాన్ డే అనే ముద్రాపకుడి చేత లాటిన్‌లో ఒక చర్చి చరిత్ర వేయించాడు. మొదటి ఆర్చిబిషప్ అగస్టీన్ నుంచి తన దాకా 70 మంది కథ. రోమ్‌లోని పోప్‌తో తెగతెంపులు చేసుకున్నంత మాత్రాన ఇంగ్లండ్ చర్చి నిన్న మొన్న పుట్టింది కాదని చూపించాలని ఆయన పట్టుదల. అంత కష్టపడి వేయించి, అమ్మకానికి పెట్టలేదు. కొద్ది ప్రతులే వేశారు. దేశం మొత్తంలో నలుగురికైనా ఇవ్వలేదని మరుసటి ఏడు రాణిగారి మంత్రి బర్లీ ప్రభువుకు ఉత్తరం రాశాడు. పైగా ఒక ప్రతిలో ఉన్న కాగితాలు ఇంకోదానిలో ఉండవు. ఆయన సొంత జీవితకథ కొన్నింటిలోనే ఉంది. కొత్త పుస్తకాలు నమోదుచేసే మా యాక్సెషన్ రిజిస్టర్‌లో ఇలాంటివి ఎక్కించమంటే నేను సెలవు పెట్టేవాణ్ణి. రాణిగారి ప్రతికైతే ఆకుపచ్చ వెల్వెట్ అట్ట, దాని మీద దారంతో కుట్టిన జింకలు. అదిప్పుడు లండన్‌లో, బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

ఆయన సొంత పుస్తకాలు మాత్రం ఇక్కడ, కార్పస్ క్రిస్టీ కాలేజీలో. బయట గోడకు మిడతలాంటి పురుగు ఎక్కి కూర్చున్న బంగారు రంగు గడియారం ఉంది, 2008లో పెట్టారు. జనమంతా దాని ముందే సెల్ఫీలు.

లోపల పుస్తకాలు చూపించినావిడ పెద్దావిడ, ఓపిక మనిషి. ఎనిమిదో హెన్రీ మఠాలు మూయించాక చెల్లాచెదురైన రాతప్రతుల్ని పార్కర్ ఎలా ఏరుకొచ్చాడో చెప్పింది. 6వ శతాబ్దపు సువార్తల ప్రతి గురించీ చెప్పింది. నేను ఆగిపోయింది కాలేజీకి పుస్తకాలిస్తూ ఆయన పెట్టిన షరతు దగ్గర. ఏటా పుస్తకాలు లెక్కపెట్టాలి. ఇన్ని అని పెట్టిన లెక్కకు మించి పోతే మొత్తం సంగ్రహం గాన్‌విల్ అండ్ కీస్ కాలేజీకి పోతుంది. వాళ్ళూ అశ్రద్ధ చేస్తే ట్రినిటీ హాల్ అనే ఇంకో కాలేజీకి. లెక్క చూసేది కూడా ఆ పక్క కాలేజీలవాళ్ళే! ఎన్ని పోతాయా అని ఎదురుచూసేవాడి చేతికే జాబితా ఇచ్చాడన్నమాట. మా స్టాక్ వెరిఫికేషన్‌కి వచ్చే ఆఫీసరు టీ తాగి, సంతకం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఇక్కడ నాలుగు వందల ఏళ్ళు దాటినా సంగ్రహం కాలేజీ గడప దాటలేదు.

"పోయిన పుస్తకం డబ్బు లైబ్రేరియన్ జీతంలోంచి కోస్తారా, అడుగు" అన్నాను మావాడితో. వాడు అడగనన్నాడు. నాకొచ్చిన ఇంగ్లీషులో నేనే అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది, మావాడూ నవ్వాడు. నా జీతంలో మూడు పుస్తకాలకు కోశారు. వాటిలో ఒకటి తర్వాత ఊరి పెద్దమనిషి ఒకాయన ఇంట్లో, టీవీ ఎత్తుకోసం కింద పెట్టి ఉండగా చూశాను.