తేలిపోతున్న చేపకు మందు కాదు, ముందు పస్తు

గోల్డ్‌ఫిష్ పొట్ట పైకి పెట్టి తేలగానే చాలామంది చేయి నీలం మందు సీసా మీదికే పోతుంది. దయచేసి ఆగండి. మిథిలీన్ బ్లూ బూజుకు పనికొచ్చే మందు. చేప తేలడానికీ మునగడానికీ తోడ్పడే లోపలి గాలి సంచి, అంటే గాలితిత్తికి అది చేసే మేలేమీ లేదు. పైగా చేప వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియాను ఫిల్టర్ స్పాంజిలో హరించే బ్యాక్టీరియాను దెబ్బతీస్తుంది.

ముందు ట్యాంకు దగ్గర పది నిమిషాలు కూర్చుని చూడండి. రెక్కలు గట్టిగా ఆడిస్తూ కిందికి దిగి, ఆడించడం ఆపగానే బెండులా పైకొచ్చేస్తే ఒంట్లో గాలి ఎక్కువైనట్టు. అడుగున పడి ఉండి, కష్టంగా లేచి మళ్లీ రాయిలా దిగిపోతుంటే తిత్తిలో గాలి చాలనట్టు, లేదా అందులో నీరు చేరినట్టు. ఒళ్లు తిన్నగానే ఉండి, నోరు నీటి అంచున పెట్టి గబగబా ఆడిస్తుంటే అది తిత్తి జబ్బు కాదు, ఊపిరాడక పడే పాటు. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. కర్నూలు ఎండల్లో కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగిన మధ్యాహ్నాల్లో కనిపించేది ఎక్కువగా ఇదే.

గోల్డ్‌ఫిష్‌కూ ఫైటర్ (బెట్టా) చేపకూ ఒకే వైద్యం చేయడం ఇంకో పొరపాటు. గోల్డ్‌ఫిష్ గాలితిత్తి నుంచి గొంతుకు సన్నటి గొట్టం ఉంటుంది. పైన తేలే మేత కోసం అది గాలి కూడా మింగుతుంది. ఒరాండా, ర్యూకిన్ లాంటి గుండ్రటి రకాల్లో పొట్ట కురచ. తిన్న పొడి మేత గింజలు లోపల ఉబ్బి, పేగు నిండి తిత్తిని నొక్కేస్తాయి. ఫైటర్ తిత్తికి ఆ గొట్టం ఉండదు. గాలి రక్తంలోంచే చేరాలి, రక్తంలోకే పోవాలి. అందుకే అది కుదుటపడటానికి ఎక్కువ రోజులు పడుతుంది. దానికి తిత్తి బాధ వచ్చిందంటే అతిగా మేత వేసి ఉంటారు, లేదా చలికాలం రాత్రి నీళ్లు 22 డిగ్రీల కిందికి పోయి అరుగుదల మందగించి ఉంటుంది. 26 డిగ్రీల దగ్గర నిలపండి.

ఏ చేపకైనా మొదట మూడు రోజులు మేత పూర్తిగా బంద్ చేయండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపకు ఇది ఇబ్బంది కాదు. నీటి లోతు 15 సెంటీమీటర్లకు తగ్గిస్తే దానికి ఈదే శ్రమ తప్పుతుంది. పొట్ట ఉబ్బి, రెట్ట ఆగి ఉంటే ఎప్సమ్ సాల్ట్ వాడండి. కొలతకు మనింట్లో ఉండే 20 లీటర్ల నీళ్ల క్యాను చాలు: క్యానుకు ఒక టీస్పూను, మగ్గు నీళ్లలో కరిగించి మెల్లగా పోయాలి. చీనీ (బత్తాయి) తోటలకు వేసే మెగ్నీషియం సల్ఫేట్ కూడా పేరుకు అదే, కానీ ఎరువుల రకంలో మలినాలుంటాయి. మెడికల్ షాపులో తీసుకోండి. వంటుప్పు దీనికి బదులు కాదు. నీళ్లు ఆవిరైతే ఉప్పు లోపలే ఉంటుంది కాబట్టి నీళ్లు నింపేటప్పుడు మళ్లీ వేయకూడదు. 10 లీటర్లు తీసి కొత్తవి పోస్తేనే అర టీస్పూను.

నాలుగో రోజు గోల్డ్‌ఫిష్‌కు ఒక బఠానీ గింజ ఉడికించి, తొక్క తీసి, నలిపి మునిగేలా వేయండి. ఫైటర్ మాంసాహారి. దానికి బఠానీ పెట్టకండి, డాఫ్నియా అనే చిన్న నీటి పురుగులు ఇవ్వండి.

ఇక నీళ్లు. అనంతపురం, కడప వైపు బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి, అంటే లవణాలు ఎక్కువ, పీహెచ్ 8 దాకా ఉంటుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితే అమ్మోనియాలో విషంగా పనిచేసే వాటా దాదాపు 10 రెట్లవుతుంది. వేడి తోడైతే ఇంకా పెరుగుతుంది. అడుగున వాలిపోయి, మొప్పలు ఎర్రబడిన చేపను చూసి తిత్తి పోయిందనుకుంటారు గానీ, చుక్కల టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా బయటపడుతుంది. అమ్మోనియా, దాని నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. లేకపోతే రోజూ నాలుగో వంతు నీళ్లు మార్చండి. మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నీళ్లు నేరుగా పోయొద్దు, అవి కాగి ఉంటాయి. కుళాయి నీళ్లైతే క్లోరిన్ పోయే మందు వేయండి. ఎండాకాలం ఆవిరైన మేరకు బోరు నీళ్లే పోస్తూ పోతే గట్టిదనం పేరుకుంటుంది. ఆ లోటు వరకు క్యాను నీళ్లు నింపండి.

పొట్ట నీటిపైకి తేలి ఉన్న చోట చర్మం ఎండి, ఎర్రటి మచ్చ పడి, అదే పుండవుతుంది. వీలైనంత వరకు ఆ భాగం తడిగా ఉండాలి. పై నుంచి చూస్తే పొలుసులు నిక్కబొడుచుకుని ఉన్నాయంటే అది ఒళ్లంతా నీరు పట్టడం. పస్తుతో, బఠానీతో తగ్గదు, ఆ చేపను వెంటనే వేరు చేయండి. వెన్ను వంకర తిరిగిన గప్పీ కూడా తిరిగి నిలబడదు. అది మనిషికీ అంటే జబ్బు కావచ్చు కాబట్టి, దాని ట్యాంకులో చేయి పెట్టేటప్పుడు చేతిపై పుండ్లుంటే గ్లవ్స్ వేసుకోండి.

కోలుకున్న గోల్డ్‌ఫిష్‌కు తేలే మేత మానేసి మునిగే గింజలు ఇవ్వండి. అవి కూడా పది నిమిషాలు నానబెట్టి, రెండు నిమిషాల్లో తినేసేంత మాత్రమే. మొదటి వారం రోజుకు ఒక్కపూట చాలు.