పోలో టీఎస్ఐ ఇచ్చేసి పాలియో 1.6 తెచ్చుకునేవాళ్లకు

పోలో జీటీ టీఎస్ఐలోని 1.2 లీటర్ టర్బో ఇంజిన్ 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గరే 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చేస్తుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుతూ కాలు అలా ఆనించగానే బండి ముందుకు దూకుతుంది. 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6కి ఆ తీరు లేదు. టర్బో లేని 1,596 సీసీ ఇంజిన్, 16 వాల్వులు, దాదాపు 100 హార్స్‌పవర్. 4,000 ఆర్‌పీఎం దాటాకే దాని అసలు గొంతు వినిపిస్తుంది. అక్కడిదాకా గేర్లు మార్చుకుంటూ మనమే తీసుకెళ్లాలి. హైడ్రాలిక్ స్టీరింగ్ కాబట్టి తారు గరుకు వేళ్లకు తెలుస్తుంది. ఈ పని చేతులతో, కాళ్లతో చేయడం ఇష్టమైనవాళ్లకే ఈ మార్పు. రోజూ అమీర్‌పేట మీదుగా ఆఫీసుకు వెళ్లిరావడానికి ఇంట్లో ఉన్నది ఒక్క కారే అయితే మాత్రం పాత బండి జోలికి వెళ్లొద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇంకా వద్దు. ఎయిర్‌బ్యాగుల విషయంలో, ఢీకొన్నప్పుడు బాడీ తట్టుకునే విషయంలో పాత బండికీ కొత్త బండికీ తేడా చాలా పెద్దది.

పాలియో ఒక్కటే దారి కాదు. 1993 నాటి మారుతి జెన్ 993 సీసీతోనే ఎంతో హుషారుగా తిరుగుతుంది. స్పేర్లు దొరకడం తేలిక, చిన్న సందుల్లో హాయి. 2005లో వచ్చిన మొదటి స్విఫ్ట్ 1.3 పెట్రోల్ ఈ మూడింటిలో తక్కువ తలనొప్పి పెట్టే బండి. మొదటిసారి పాత కారు కొనేవాళ్లకు స్విఫ్టే మేలు. పాలియో మీద ప్రేమ ఉండి, విడిభాగాల కోసం నెల రోజులు ఆగే ఓపిక ఉంటేనే ఫియట్ వైపు చూడండి. ఆ బ్రాండే ఇప్పుడు మన మార్కెట్లో లేదు. సస్పెన్షన్ సామాన్లలో చాలావరకు ఫియట్‌వే అయిన పెట్రా, అడ్వెంచర్ బండ్లవి కూడా సరిపోతాయి కాబట్టి రాణిగంజ్ స్పేర్ల షాపుల్లో అడిగేటప్పుడు ఆ పేర్లు కూడా చెప్పండి. సచిన్ టెండూల్కర్ పేరుతో వచ్చిన పాలియో ఎస్10 ఎడిషన్ 500 బండ్లే. స్టికర్లు ఎవరైనా అంటించగలరు, కాగితాలు సరిచూడకుండా దానికోసం పైసా ఎక్కువ పెట్టొద్దు.

ఎక్కడి బండి కొనాలన్నది ముఖ్యం. విశాఖ, చెన్నై సముద్రపు గాలిలో పెరిగిన బండికి ఇనుము తినేసి ఉంటుంది. జాక్ పాయింట్లు, డిక్కీలో స్టెప్నీ కింద గుంట, బానెట్ కింద స్ట్రట్ (ముందు షాక్ అబ్జార్బర్) బిగించే చోటు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. మొద్దు శబ్దం వస్తే తుప్పు కనపడకుండా లోపల పుట్టీ పూసినట్టే. హైదరాబాద్ బండికి తుప్పు తక్కువ. ఇక్కడి ఎండకు పోయేవి రబ్బరు, ప్లాస్టిక్, పెయింటు. తుప్పు వదిలించడం టింకరింగ్ షెడ్డుకు కూడా కష్టం, రబ్బరు మార్చడం డబ్బుతో అయిపోయే పని. అందుకే పెయింట్ వెలిసిన లోకల్ బండి, మెరిసే తీరప్రాంతపు బండికన్నా నాకు ఎప్పుడూ నయం. పాత ఏపీ 09, ఏపీ 10 నంబర్లు అలాగే చెల్లుతాయి, కాబట్టి వాటిని చూసి భయపడనక్కర్లేదు.

బండి చూడ్డానికి పొద్దున్నే, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లండి. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి పెట్టొద్దని ఓనరుకు ఫోన్‌లోనే చెప్పండి. మొదట కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మూత తీయండి. ఆకుపచ్చగానో ఎర్రగానో కూలెంట్ కనిపించాలి. టీ డికాషన్ రంగులో నీళ్లుంటే ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోశారని అర్థం. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. అది రేడియేటర్ సన్న గొట్టాల్లో తెల్లగా పేరుకుపోతుంది, ఇంజిన్ పైభాగమైన అల్యూమినియం హెడ్డును లోపలి నుంచి తింటుంది. ఇంజిన్ మొత్తం అల్యూమినియమే అయిన జెన్‌లో ఇది ఇంకా ప్రమాదం. స్టార్ట్ చేసిన రెండు మూడు నిమిషాలకే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే హెడ్ గాస్కెట్ (హెడ్డుకూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) దగ్గర గ్యాస్ లీకవుతోంది, అక్కడితో బేరం ఆపేయండి.

తర్వాత ఫ్యాను. ఏసీ ఆపి ఇంజిన్‌ను ఊరికే తిరగనివ్వండి. టెంపరేచర్ ముల్లు మధ్యకు వచ్చాక రేడియేటర్ ఫ్యాను తనంతట తానే తిరిగి, కాసేపటికి ఆగాలి. తాళం తిప్పగానే ఫ్యాను మొదలైతే ఎవరో సెన్సర్ తప్పించి డైరెక్టు వైర్ ఇచ్చారు. అలాంటి బండిలో థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను ఆపే వాల్వు) కూడా పీకేసి ఉండే అవకాశం ఎక్కువ. వేడెక్కకుండా ఉంటుందని మన షెడ్డుల్లో చాలామంది చేసే పనే ఇది. దానివల్ల ఇంజిన్ ఎప్పుడూ సరైన వేడికి రాదు, చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, సిలిండర్ గోడలు త్వరగా అరుగుతాయి. రేడియేటర్ శుభ్రం చేయించి, కొత్త థర్మోస్టాట్ పెట్టి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగానికి సగం కలిపి పోస్తే మే నెల ట్రాఫిక్‌లో కూడా ముల్లు మధ్య నుంచి పైకి కదలకూడదు. కదిలితే లోపం ఇంకెక్కడో ఉంది, వెతకాలి.

పాలియోలో ఇంకో రెండు తప్పకుండా అడగండి. రెండు తాళాలూ, కోడ్ కార్డూ ఉన్నాయా? తాళంలోని చిప్‌ను బండి గుర్తుపట్టకపోతే ఇంజిన్ స్టార్ట్ అవదు, డూప్లికేట్ చేయించడం పెద్ద పని. రెండోది టైమింగ్ బెల్ట్, వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా తిప్పే బెల్ట్. ఎప్పుడు మార్చారో బిల్లు చూపించలేకపోతే, ఓనరు ఏం చెప్పినా, మార్చలేదనే లెక్క. ఈ 16 వాల్వుల ఇంజిన్‌లో బెల్ట్ తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. బెల్ట్, టెన్షనర్, వాటర్ పంపు మూడూ ఒకేసారి మార్పించండి. క్యామ్ షాఫ్టులను లాక్ చేసే టూల్ ఉన్న మెకానిక్ దగ్గరికే వెళ్లండి. పాత బెల్టు మీద పెయింట్ గుర్తులు పెట్టి అదే లెక్కన కొత్తది ఎక్కించేవాళ్ల దగ్గర ఒక పన్ను అటూ ఇటూ అయితే బండి నడుస్తుంది కానీ పికప్ పోతుంది, కారణం నెలల తరబడి దొరకదు.

సిలిండర్ల లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ టెస్ట్ కూడా చేయించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా ఒక బార్ దాటకూడదు. లైట్లు, ఏసీ అన్నీ వేసి బ్యాటరీ నెగటివ్‌కూ ఇంజిన్ బ్లాక్‌కూ మధ్య మల్టీమీటర్ పెడితే 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ కేబుల్ మార్చాలి. పాత ఫియట్‌లలో అంతుపట్టని కరెంటు జబ్బుల్లో చాలావరకు అక్కడే కుదురుతాయి.

కొన్న ధరలో సగమైనా పక్కన పెట్టుకోకుండా కొనొద్దు, ఆ డబ్బులో ఎక్కువ భాగం రబ్బరుకే పోతుంది. ఓడోమీటర్ మీద 40,000 ఉన్నా రబ్బరు వయసు ఇరవై ఏళ్లే. హ్యాండ్‌బ్రేక్ వేసి, ఫస్ట్ గేర్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్ కొంచెం వదిలితే ఇంజిన్ ఎంత ఊగుతుందో బానెట్ తీసి చూడండి. బాగా ఊగితే మౌంటింగులు పోయాయి. సస్పెన్షన్ లోయర్ ఆర్మ్ బుష్‌లు (రబ్బరు కీళ్లు) మార్చేటప్పుడు మెకానిక్ పక్కనే నిలబడండి. బండి జాక్ మీద ఉండగా, చక్రాలు వేలాడుతుండగానే బోల్టు చివరిదాకా బిగించేస్తే, కిందికి దించగానే బుష్‌లోని రబ్బరు మెలిపడుతుంది. ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ ఇంకాస్త మెలిపడి, కొన్ని నెలల్లో చిరుగుతుంది. స్పేర్ నాసిరకమని షాపువాణ్ని తిట్టుకుంటాం, తప్పు బిగింపులో ఉంటుంది. బోల్టులు వదులుగా పెట్టి, బండిని నాలుగు చక్రాల మీదకు దించి, కొంచెం ముందుకూ వెనక్కూ తోసి, అప్పుడు బిగించాలి. వీల్ అలైన్‌మెంట్ ఆ తర్వాతే.

పెట్రోల్ గొట్టాల సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యం. బంకుల్లో దొరికే ఇ20 (20 శాతం ఎథనాల్ కలిపిన) పెట్రోల్ ఈ బండ్లు తయారైన రోజుల్లో లేదు. ఎథనాల్ పాత రబ్బరును ఉబ్బించి, మెత్తబరిచి, చివరికి పగులగొడుతుంది. ట్యాంకు నుంచి ఇంజెక్టర్ రైలు దాకా ఉన్న రబ్బరు హోస్‌లన్నీ ఎథనాల్‌ను తట్టుకునే ఎస్ఏఈ జె30 ఆర్9 గ్రేడువి వేయించండి, క్లిప్పులు కూడా కొత్తవి. ఎథనాల్ ట్యాంకు అడుగున ఏళ్లనాటి మడ్డిని కదిలిస్తుంది కాబట్టి ఫిల్టర్ ఇప్పుడు మార్చి, 1,000 కిలోమీటర్లకు మళ్లీ మార్చండి. వానాకాలంలో బండిని వారాల తరబడి కదపకుండా పెట్టేట్టయితే ట్యాంకు నిండా పోయించి పెట్టండి. సగం ఖాళీ ట్యాంకులో గాలి తేమను ఎథనాల్ పీల్చుకుని, నీళ్లు అడుగుకు చేరతాయి.

కాగితాలు. సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత ఫారం 25తో ఐదేళ్లకోసారి రెన్యువల్, దాంతోపాటు గ్రీన్ ట్యాక్స్. రెన్యువల్ అమ్మేవాళ్ల పేరు మీదే పూర్తయ్యాక డబ్బు ఇవ్వండి. బదిలీకి ఫారం 29, 30. ఢిల్లీలో ఇలాంటి పాత పెట్రోల్ బండ్ల మీద ఆంక్షలున్నాయి కాబట్టి చవగ్గా ఇక్కడికొస్తాయి, కానీ ఎన్‌ఓసీ (అక్కడి ఆర్‌టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), తెలంగాణ లైఫ్ ట్యాక్స్ కలిపాక ఆ చవక ఎంత మిగిలిందో లెక్క వేసుకోండి. మీ టర్బో కారు అమ్మేటప్పుడు దాని నో క్లెయిమ్ బోనస్‌కు (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర లెటర్ తీసుకోండి. ఆ బోనస్ మీది, బండిది కాదు. మూడేళ్లలోపు తర్వాతి కారుకు వాడుకోవచ్చు. ఫాస్టాగ్ మూసేయడం మరిచిపోవద్దు.

పవర్ పెంచడానికి సైలెన్సర్, ఫిల్టర్, రీమ్యాప్ (ఈసీయూ ప్రోగ్రామ్ మార్చడం) అంటూ ఖర్చు చేయాలనిపిస్తే ముందు టైర్ల పక్కన నాలుగంకెల కోడ్ చూడండి. 2317 అంటే 2017లో 23వ వారం. ఆరేళ్లు దాటినవి గాడి ఎంత లోతుగా ఉన్నా తీసేయండి. పాలియోకు 175/65 ఆర్14 మంచి టైర్లు నాలుగు, బ్రేక్ లైన్లలో కొత్త డాట్ 4 గ్రేడు బ్రేక్ ఫ్లూయిడ్, కొత్త బుష్‌లు పడ్డాక వికారాబాద్ వైపు అనంతగిరి మలుపుల్లో ఒకసారి తిప్పి చూడండి, పవర్ చాలదన్న మాట అప్పుడు కూడా అనిపిస్తే అప్పుడు ఆలోచించవచ్చు.