పీఎస్5 కొనేటప్పుడు ఆ పదివేలు మిగుల్చుకోవద్దు

సోనీ గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 5లో సన్నటి మోడల్ పీఎస్5 స్లిమ్ 2024 ఏప్రిల్‌లో మన దేశంలోకి వచ్చినప్పుడు డిస్క్ డ్రైవ్ ఉన్నది 54,990 రూపాయలు, లేనిది, అంటే డిజిటల్ ఎడిషన్, 44,990. ఆ తర్వాత ధరలు, ఆఫర్లు మారుతూనే ఉంటాయి గానీ అంగట్లో చెప్పే మాట మారదు. "డిజిటల్ తీసుకోండి సార్, పదివేలు తగ్గుతుంది, ఇప్పుడు డిస్కులెవరు వాడతారు?" అంటారు. ఒక్కడే ఉండి, సేల్ పెట్టినప్పుడు మాత్రమే గేములు కొనుక్కునే కుర్రాడికి ఈ సలహా సరిపోతుందేమో. ఇంట్లో ఇద్దరు పిలకాయలుండి, ఎండాకాలం సెలవులకి పీలేరు నుంచో పుత్తూరు నుంచో మరో ముగ్గురు దిగే ఇంటికి ఇది నష్టం బేరం.

లెక్క చూడండి. సోనీ సొంతంగా తెచ్చే పెద్ద గేములు కొత్తలో సుమారు ఐదు వేలు. డిస్క్ అయితే ఆడేశాక అమ్ముకోవచ్చు. సగం ధరకే పోయిందనుకున్నా నాలుగు గేములకి ఆ పదివేలు తిరిగొచ్చేస్తాయి. క్లాసులో పిల్లలు డిస్కులు మార్చుకుంటే అమ్మే పని కూడా లేదు. డిజిటల్‌గా కొన్నది అకౌంటుకి అతుక్కుపోతుంది. అమ్మడానికుండదు, ఎరువివ్వడానికుండదు. పొరపాటున కొన్నా పద్నాలుగు రోజుల్లోపు, అదీ డౌన్‌లోడ్ మొదలెట్టకుండా ఉంటేనే డబ్బు వెనక్కిస్తారు. పిలకాయలు కొన్న క్షణంలోనే డౌన్‌లోడ్ నొక్కేస్తారు కాబట్టి ఆ నిబంధన ఉన్నా లేనట్టే.

ఇంట్లో పాత పీఎస్4 డిస్కులుంటే ఇంకొక కారణం దొరికినట్టే. పీఎస్4 డిస్కులు దాదాపు అన్నీ పీఎస్5లో ఆడతాయి. కొన్నింటికి పీఎస్5 వెర్షన్‌కి మారే అవకాశం కూడా ఇచ్చారు. కానీ మారిన తర్వాత కూడా ఆడిన ప్రతిసారీ ఆ డిస్క్ లోపల ఉండాల్సిందే. డ్రైవ్ లేకుండా డిజిటల్ ఎడిషన్ వాడేవాళ్లకి ఆ డిస్కులు షోకేసులో పెట్టుకోవడానికే.

ఇక సోనీ చేసిన పని సంగతి. 2020లో వచ్చిన మొదటి పీఎస్5లో డ్రైవ్ లోపలే బిగించి ఉండేది. అంతేకాదు, డ్రైవ్‌లో ఉండే చిన్న సర్క్యూట్ బోర్డుకీ మదర్‌బోర్డుకీ కంపెనీలోనే బ్రహ్మముడి వేసి పంపేవాళ్లు. లెన్స్ పోతే రిపేరు చేసేవాడు పాత బోర్డును జాగ్రత్తగా తీసి కొత్త డ్రైవ్‌లో బిగించాలి. మొత్తం డ్రైవ్ మార్చేస్తే గేమ్ డిస్క్ చదవదు. 2023 నవంబరులో అమెరికాలో మొదలైన స్లిమ్‌తో డ్రైవ్‌ను విడిగా తగిలించే ముక్కగా చేశారు. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. ఇది మెచ్చుకోవాల్సిన పనే.

డ్రైవ్ లేని స్లిమ్‌కి దాన్ని తర్వాత తగిలించడం ఇలా. కన్సోల్‌ను పూర్తిగా ఆపండి, కునుకు తీసే రెస్ట్ మోడ్ చాలదు. కరెంటు వైరు, హెచ్‌డీఎంఐ అన్నీ పీకేసి పది నిమిషాలు చల్లారనివ్వండి. బల్ల మీద మెత్తటి తువ్వాలు పరిచి పడుకోబెట్టండి. స్లిమ్‌కి ఒక్కో వైపు రెండేసి ప్లాస్టిక్ కవర్లుంటాయి. డ్రైవ్ కూర్చునే చోటున్న కింది కవర్‌ను మూల దగ్గర పట్టుకుని పైకి లేపితే ఊడొస్తుంది. గోళ్లతో కాదు, వేళ్ల మెత్తతో లేపాలి. డ్రైవ్‌ను గాడిలో సరిగ్గా చూసుకుని, రెండు చేతులతో సమానంగా ఒత్తితే టక్‌మని కూర్చుంటుంది. ఒక పక్క ముందు కూర్చుని రెండోది లేచి ఉంటే బలంగా నొక్కకండి, తీసి మళ్లీ పెట్టండి. లోపల పిన్నులు వంగితే పని పెరుగుతుంది. పాత చదును కవర్ ఇక పట్టదు, డ్రైవ్‌తోపాటు వచ్చిన ఉబ్బెత్తు కవర్ పెట్టాలి.

డిస్క్ పెట్టేటప్పుడు కన్సోల్ పడుకుని ఉంటే బొమ్మ వైపు పైకి, నిలబడి ఉంటే బొమ్మ వైపు కన్సోల్ నడుం వైపుకి. 'గుర్తించలేని డిస్క్' అని వచ్చిందంటే చాలాసార్లు తిరగేసి పెట్టడమే కారణం.

ఇక్కడిదాకా బాగుంది. ఇక తంటా మొదలవుతుంది. డ్రైవ్ పెట్టి ఆన్ చేయగానే సోనీ సర్వర్‌తో మాట్లాడి ఆ డ్రైవ్‌ను ఆ కన్సోల్‌కి నమోదు చేయాలి. ఇంటర్నెట్ లేకపోతే నమోదు లేదు, నమోదు లేకపోతే డిస్క్ ఆడదు. డ్రైవ్‌తో కలిపి అమ్మే స్లిమ్‌కీ ఇదే తీరు. ఒక్కసారి చేస్తే చాలు గదా అంటారు. ఈ రోజుకి నిజమే. కానీ డ్రైవ్ చెడి ఇంకొకటి పెడితే మళ్లీ నమోదు. పదేళ్ల తర్వాత ఆ సర్వర్ ఉంటుందని ఎవరు హామీ?

ఇదేమీ లేనిపోని భయం కాదు. 2021 మార్చిలో తన పాత కన్సోళ్లు పీఎస్3, వీటా, పీఎస్‌పీలకి గేములమ్మే ఆన్‌లైన్ స్టోర్లు మూసేస్తామని సోనీయే ప్రకటించింది. గగ్గోలు పుట్టాక ఏప్రిల్‌లో పీఎస్3, వీటా విషయంలో వెనక్కి తగ్గింది. ఆ ఏడాదే పీఎస్4 నాణెం బ్యాటరీ గొడవ బయటికొచ్చింది. లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి, ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌తో టైము సరిచూసుకోలేకపోతే డిస్క్ గేములు కూడా తెరుచుకునేవి కావు. 9.00 అప్‌డేట్‌తో దాన్ని చడీచప్పుడు లేకుండా సరిచేశారు. అంటే తలుచుకుంటే చేయగలరు. ఈ డ్రైవ్ నమోదుకి కూడా కన్సోల్‌లోనే జరిగే ఏర్పాటు పెట్టొచ్చు. పెట్టరు, ఎందుకంటే డిస్క్ ఎక్కడ బతకాలో తేల్చే తాళంచెవి తమ దగ్గరే ఉండాలి. ఇదే ఊపులో స్లిమ్‌కి నిలబెట్టే స్టాండును కూడా విడిగా, అమెరికాలో 30 డాలర్లకి, అమ్ముతున్నారు. మంచం కొంటే కోళ్లు వేరే కొనమన్నట్టు. పడుకోబెట్టుకుంటే ఆ ఖర్చు లేదు, చిన్న కాళ్లు పెట్టెలోనే ఇస్తారు.

డిస్క్ కొంటే జాగా మిగులుతుందనుకోవద్దు. గేమ్ మొత్తం కన్సోల్ లోపలి స్టోరేజీ, అంటే ఎస్ఎస్‌డీలోకి ఎక్కాల్సిందే, ఆడేటప్పుడు డిస్క్ కేవలం తాళంచెవి. పాత పీఎస్5లో 825 జీబీ అని రాసినా వాడుకోవడానికి మిగిలేది 667. 2023లో వచ్చిన స్లిమ్‌లో ఒక టీబీ. డిస్కుతో ఆదా అయ్యేది మీ నెట్. 100 జీబీ గేమ్ 100 ఎంబీపీఎస్ లైన్ మీద నిండు వేగంతో వచ్చినా రెండుంబావు గంటలు పడుతుంది. సాయంత్రం ఇంట్లో నాలుగు ఫోన్లు వీడియోలు చూస్తుంటే రాత్రంతా. డిస్క్ నుంచి ఎక్కిస్తే అందులో చాలా భాగం తప్పుతుంది, తర్వాత వచ్చిన సవరణలు, అంటే ప్యాచ్ ఒక్కటే దిగాలి. కొన్ని పెట్టెల్లో డిస్కే ఉండదు, కోడ్ రాసిన కాగితం మాత్రమే ఉంటుంది. పెట్టె వెనక వైపు చదివి కొనండి.

జాగా విషయంలో మాత్రం సోనీకి పూర్తి మార్కులు. జాగా పెంచుకోవాలంటే మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ సిరీస్‌కి ప్రత్యేక కార్డే కొనాలి, పీఎస్5లో ఏ కంపెనీ ఎం.2 ఎస్ఎస్‌డీ (కంప్యూటర్లలో బిగించే చిన్న పలక లాంటిది) అయినా పెట్టుకోవచ్చు. నాలుగో తరం, అంటే జెన్4 అయ్యుండాలి, చదివే వేగం సెకనుకి 5,500 ఎంబీ పైన ఉండటం మేలు, వేడి లాగే హీట్‌సింక్ పలకతో కలిపి మందం 11.25 మిల్లీమీటర్లు దాటకూడదు. చెన్నై రిచీ స్ట్రీట్‌కి పోయి కొనేవాళ్లు ఎక్కువగా ఈ మందం దగ్గరే దెబ్బతింటారు. డెస్క్‌టాప్ కంప్యూటర్ల కోసం చేసిన పెద్ద హీట్‌సింకు తెచ్చుకుంటే మూత పడదు. మామూలు 80 మిల్లీమీటర్ల పొడవు ఎస్ఎస్‌డీ అయితే బిగించేటప్పుడు చిన్న స్పేసర్ రింగును 80 అని రాసిన రంధ్రం దగ్గరికి మార్చడం మర్చిపోవద్దు.

డిస్కుకి ఇంకో లాభం అకౌంట్ల దగ్గర ఉంది. లోపల డిస్క్ ఉంటే ఆ కన్సోల్‌లో ఎవరి అకౌంటుతోనైనా ఆడొచ్చు. డిజిటల్ గేములైతే అన్నీ పెద్దవాళ్ల అకౌంటుతో కొని, ఆ అకౌంటులో 'కన్సోల్ షేరింగ్, ఆఫ్‌లైన్ ప్లే' ఆన్ చేయాలి. అప్పుడే పిలకాయలు తమ అకౌంట్లతో ఆడగలరు. అది ఒక్క పీఎస్5 మీదే పనిచేస్తుంది.

పిల్లల అకౌంటు పెట్టాక నెలవారీ ఖర్చు పరిమితి సున్నా ఉందో లేదో చూసుకోండి. ఆట సమయం పెట్టేటప్పుడు టైమ్ జోన్ వేరే వరసలో ఉంటుంది, అక్కడ భారత్ సమయం పెట్టకపోతే రోజు అర్ధరాత్రి కాకుండా ఏ మధ్యాహ్నమో మారి, కోటా రెండుసార్లు దొరుకుతుంది. సమయం అయిపోతే హెచ్చరిక మాత్రమే ఇవ్వాలా, బయటికి పంపాలా అని అడుగుతుంది. హెచ్చరికని ఏ పిలకాయా లెక్కచేయడు. చాలామంది వదిలేసే సందు ఇంకోటుంది. కన్సోల్ ఆంక్షల్లో 'కొత్త యూజర్, గెస్ట్ లాగిన్' ఆపకపోతే కొత్త యూజర్ పెట్టుకుని హాయిగా ఆడేస్తారు. ఆ ఆంక్షల తాళం మొదట్లో 0000. దాన్ని మార్చకపోతే మీరు చేసినదంతా వృథా.

ఎండ సంగతి రోంత చెప్పాలి. పనిచేసే వాతావరణం 5 నుంచి 35 డిగ్రీలని సోనీ పుస్తకంలోనే ఉంది. మే నెల తిరుపతిలో ఏసీ లేని మిద్దె గది ఆ గీత సునాయాసంగా దాటుతుంది. టీవీ అలమర లోపల పెట్టొద్దు, గోడకి పది సెంటీమీటర్లు వదలండి, మధ్యాహ్నం ఆట మాన్పించండి. గాలివానకి కరెంటు పోయొచ్చే రోజుల్లో రెస్ట్ మోడ్ వద్దు, పూర్తిగా ఆపండి. కరెంటు పోయొచ్చాక గేములు కనిపించకపోయినా, మెనూ నత్తనడక నడిచినా ముందు రిపేరు ఎంపికలుండే సేఫ్ మోడ్ ప్రయత్నించండి. ఆపి ఉన్న కన్సోల్ పవర్ బటన్ నొక్కి పట్టుకోండి, ఏడు సెకన్లకి రెండో బీప్ వినిపిస్తే వదలండి. కంట్రోలర్‌ను డేటా పోయే యూఎస్‌బీ కేబుల్‌తో కలపండి, ఛార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్ అయితే అక్కడే ఆగిపోతారు. ఐదో వరసలో డేటాబేస్ మళ్లీ కట్టే ఎంపిక ఉంటుంది. దానితో గేములు పోవు. కిందనే ఉన్న రీసెట్ మాత్రం అన్నీ తుడిచేస్తుంది.

వాడిన స్లిమ్ కొంటుంటే మీ డిస్క్ ఒకటి, ఫోన్ హాట్‌స్పాట్ పట్టుకుపోండి. అమ్మేవాడు తన అకౌంటు తీసేసి రీసెట్ చేశాక, మీ డిస్క్ పెట్టి, నమోదు అడిగితే అక్కడే చేయించి, గేమ్ ఎక్కి మొదటి స్క్రీన్ దాకా వచ్చాకే డబ్బులివ్వండి. ఎక్కడానికి అరగంట పట్టినా కూర్చోండి, టీ తాగుతూ.