తల పట్టుకున్న మూడు నెలలు

ఉస్మానియా ఆసుపత్రిలో జీర్ణకోశ వ్యాధుల డీఎం (ఎండీ తర్వాతి కోర్సు) చేసిన మనవాళ్ల సంచికకు ఏదైనా రాసివ్వమని కమిటీ తరఫున కర్నూలు, అదే, ఊరి పేరుతోనే మనం పిలుచుకునే మన తోటి డాక్టరు, మూడుసార్లు ఫోన్ చేశాడు. "మన డీఎం రోజుల గురించి నీకు గుర్తున్నది రాయి, చాలు" అన్నాడు. మేస్త్రీ పందెం, పసుపు బకెట్, నైట్ డ్యూటీ ఉప్మా... వీటి గురించి రాయడానికి మీరంతా ఉన్నారు. నేను మనకు పని నేర్పిన పెద్ద సార్ గురించే రాస్తాను.

1993లో ఉస్మానియాలో చేరాను. అప్పటికే ఎండీ చేసి, రెండేళ్లు జిల్లా ఆసుపత్రిలో పనిచేసి వచ్చిన నాకు సార్ అప్పగించిన మొదటి పని ఎండోస్కోపీ చేసేటప్పుడు పేషెంట్ తల పట్టుకోవడం. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టడం, మౌత్ గార్డ్ పెట్టడం, గడ్డం కింద ఒక చెయ్యి, తల వెనక ఒక చెయ్యి. మూడు నెలలు అదే. స్కోపు, అంటే నోట్లోంచి లోపలికి పంపి చూసే గొట్టం, చేతికొచ్చేది కడగడానికి మాత్రమే. స్కోపులు కడిగే పెద్దన్న పక్కన నిలబడి బ్రష్షుతో రుద్ది, క్రిములను చంపే సైడెక్స్ ద్రావణంలో 20 నిమిషాలు ఉంచి తీసేవాణ్ణి. ఆ వాసనకు కళ్లు మండేవి.

ఆ రోజుల్లో మనవన్నీ ఫైబర్ స్కోపులు. ఐపీస్‌కు కన్ను ఆనించినవాడికి తప్ప లోపల ఏముందో గదిలో ఇంకెవరికీ కనపడదు. అందుకే నేను మనిషినే చూస్తూ ఉండేవాణ్ణి. ఓకరింపు గొంతులోకి రాకముందే భుజంలో తెలుస్తుంది. భుజం బిగిస్తే "సార్" అనేవాణ్ణి, సార్ చెయ్యి ఆగేది. నేను చెబితే ఆయన ఆగుతున్నారని గమనించిన రోజు ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తుంది.

నాలుగో నెలలో ఆ అమ్మాయి వచ్చింది. మీకందరికీ తెలుసు, స్టీలు గ్లాసు అమ్మాయి. బాత్రూం కడిగే యాసిడ్ తాగింది. ప్రాణం దక్కింది కానీ అన్నవాహిక మూసుకుపోయింది. తిండంతా పొట్టకు పెట్టిన గొట్టంలోంచే. సొంత ఉమ్ము కూడా దిగదు, ఎప్పుడూ చేతిలో ఆ గ్లాసు, అందులో ఉమ్ముకుంటూ కూర్చునేది. ఎందుకు తాగావని ఎవరూ అడగకూడదని సార్ మొదటి రోజే చెప్పారు. "ఆ ప్రశ్న ఇప్పటికే వందమంది అడిగి ఉంటారు. మనం మింగుడు సంగతి చూద్దాం" అన్నారు.

మూసుకున్న దారిని కొద్దికొద్దిగా వెడల్పు చేయాలి, దాన్నే డైలటేషన్ అంటాం. మొదటి రెండుసార్లు సారే చేశారు. మూడోసారి నన్ను రమ్మన్నారు. సన్నబడ్డ చోటు దాటించి గైడ్‌వైర్ (దారి చూపే సన్నటి తీగ) కడుపులోకి పంపాక స్కోపు తీసేసి, ఆ వైరు మీదుగా సావరీ డైలేటర్ (దారిని వెడల్పు చేసే గొట్టం) ఎక్కించాలి. జెల్లీ రాసి పట్టుకున్నాను. నా చేతి మీద సార్ చెయ్యి పడింది. "గట్టిగా పట్టుకోకు, వేళ్లకు తెలియాలి." 7 మిల్లీమీటర్లది సాఫీగా వెళ్లింది. 9 దగ్గర బిగువు తగిలింది, తడిసిన తాడు ముడి విప్పుతుంటే పట్టి పట్టి వదిలినట్టు. అక్కణ్ణించి మరో రెండు సైజులు, అంతే, ఒక్కసారికి మొత్తం మూడు దాటకూడదు. నాకేమో ఇంకొకటి కూడా వెళ్తుందనిపించింది. "వెళ్తుందయ్యా. చిరిగితే?" అన్నారు సార్. తర్వాత ఆ అమ్మాయి మెడ మీద వేళ్లతో నొక్కించారు, అన్నవాహిక చిరిగి చర్మం కింద గాలి చేరి చిటపటమంటోందేమో చూడమని. అనలేదు. ఆ రాత్రి రెండుసార్లు వార్డుకెళ్లి మళ్లీ నొక్కి చూశాను.

రెండు వారాలకోసారి వాళ్ల నాన్న తీసుకొచ్చేవాడు. ముందు నీళ్లు, తర్వాత మజ్జిగ, ఆ తర్వాత మెత్తగా పిసికిన అన్నం. ఆరోసారి వచ్చినప్పుడు సార్ గుమ్మంలోనే ఆపారు. "గ్లాసు ఏదమ్మా?"

తండ్రి కంగారుపడి సంచీ తడుముకున్నాడు. "మరిచిపోయి వచ్చినం సారూ."

మహబూబ్‌నగర్ నుంచి బస్సులో అంత దూరం వచ్చారు. దారిలో దాని అవసరమే పడలేదు. సార్ ఏమీ మాట్లాడకుండా కిటికీ వైపు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నారు. సిస్టరక్క బయటికి వెళ్లిపోయింది.

ఆ మూడేళ్లలో ఇంకా చాలా జరిగాయి. అల్సర్‌కు మూలం బాక్టీరియా అంటే నమ్మనివాళ్లు అప్పటికీ ఉన్నారు. జర్నల్ క్లబ్‌లో కర్నూలు దాని కోసం గొంతు చించుకున్నాడు. 2005లో ఆ బాక్టీరియాను కనిపెట్టిన మార్షల్, వారెన్‌లకు నోబెల్ వచ్చినప్పుడు మొదటి ఫోన్ వాడికే చేశాను. కల్లు తాగేవాళ్ల కాలేయంలో చీముగడ్డలు, రక్తం కక్కుకుంటూ అర్ధరాత్రి వచ్చిన సిర్రోసిస్ పేషెంట్లు, వాళ్ల కోసం రక్తం ఆపే బెలూన్ ట్యూబు పట్టుకుని మనం పెట్టిన పరుగులు, వాటి గురించి రాస్తే ఈ సంచిక సరిపోదు. చదివింది ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు నీడలో. 1908 మూసీ వరదలో కొమ్మలెక్కిన 150 మందిని కాపాడిందే, ఆ చెట్టు.

ఇప్పుడు నల్లగొండలో నా సొంత యూనిట్ ఉంది. గోడ మీద పెద్ద తెర, లోపలిది గదిలో అందరికీ కనపడుతుంది. అయినా కొత్తగా చేరిన ప్రతి ఒక్కరినీ ముందు తల దగ్గరే నిలబెడతాను. నా దగ్గర డైలటేషన్ చేయించుకున్నవాళ్ల పెళ్లిభోజనాలు కొన్ని తిన్నాను, వాళ్ల పక్కనే కూర్చుని. అంత రుచైన భోజనం ఇంకెక్కడా చేయలేదు.

మా అమ్మాయి ఈ ఏడాదే ఇదే బ్రాంచ్‌లో డీఎంలో చేరింది. మొన్న ఫోన్ చేసి, "నాన్నా, ఇంకా తల పట్టుకోవడమే" అంది.

"ఎన్ని నెలలైంది?"

"రెండు."

"భుజం తెలుస్తోందా?"

కాసేపు ఆలోచించి, "నిన్న తెలిసింది" అంది.