సాగునీటి సంఘంలో ఓటు కోసం: ఒక కౌలు రైతు అనుభవం

2024 డిసెంబరు 14, శనివారం నాడు మా కాలువకు నీటి వినియోగదారుల సంఘం మళ్లీ ఏర్పడింది. మాది కోనసీమ, గోదావరి మధ్య డెల్టా శివారు. మా నాన్నగారి నుంచి వచ్చిన 35 సెంట్లు కాలువ ఎగువన ఉండగా, నేను కౌలుకు చేసే 4 ఎకరాలు చిట్టచివరి బోదె (పిల్లకాలువ) కింద ఉన్నాయి. దాళ్వాలో, అంటే రెండో పంటకు, వంతు నీరు అక్కడికి చేరేలోపే చేను నెర్రెలు విచ్చుతుంది. అందుకే ఆ శివారు ప్రాదేశిక నియోజకవర్గం, అంటే సంఘం పరిధిలో ఒక సభ్యుణ్ణి ఎన్నుకునే భాగం, నుంచే సభ్యుడిగా నిలబడాలనుకున్నాను.

సంఘం పరిధిని ప్రకటించడం, దానిని ప్రాదేశిక నియోజకవర్గాలుగా విడదీయడం ఏ తగాదా లేకుండా జరిగిపోయాయి. నీటి తీరువా (సాగునీటి పన్ను) బకాయి లేదన్న పత్రం కూడా పాత రసీదులు చూపిస్తే ఒక్క పూటలో చేతికి వచ్చింది. ఓటర్ల జాబితా దగ్గరే నా కష్టం మొదలైంది.

జాబితాలో నా 35 సెంట్లు ఉన్నాయి. 4 ఎకరాల ఎదుట మాత్రం పదేళ్లుగా ఆ గట్టు మీద కాలు పెట్టని యజమాని పేరు ఉంది. 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం ప్రకారం ఒకే భూమికి యజమాని, కౌలుదారు ఇద్దరూ ఉంటే కౌలుదారునే భూమి కలిగిన వానిగా, అంటే ఓటున్న సభ్యునిగా పరిగణించాలి. ఆ పేజీ అచ్చు తీయించి అభ్యంతరం రాసుకొని కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఉద్యోగి దానిని చదవనైనా చదవకుండా, మా ఊరివాళ్లు నలుగురు నిలబడి చూస్తుండగా, “కౌలుకు చేసుకునేవాడివి, సంఘంతో నీకేం పనయ్యా? వచ్చే ఏడాది ఆ చేను నీ చేతిలో ఉంటుందో లేదో!” అన్నాడు. ముప్పై ఏళ్లుగా నాట్లు వేయిస్తున్న నేను, నా కంటే చిన్నవాడి నోట ఆ మాట విని తల వంచుకొని సాయంత్రం నాలుగింటి దాకా గోడ పక్కన నిలబడ్డాను. ఆ అవమానం ఇంకా నా గొంతులోనే ఉంది.

చివరికి పై అధికారి మర్యాదగానే మాట్లాడి, అదే చట్టంలో నేను గమనించని మాట చూపించారు. కౌలుదారు అంటే హక్కుల రికార్డులో కౌలుదారుగా నమోదైనవాడేనట. నా సాగు కార్డు, అంటే కౌలుదారుకు ఇచ్చే పంట సాగుదారు హక్కు పత్రం, గడువు 11 నెలలు కావడంతో ఎప్పుడో ముగిసింది. కొత్తది కావాలంటే యజమాని సంతకం పెట్టాలి. హైదరాబాదులో ఉంటున్న ఆయనకు ఆ రాత్రే ఫోను చేసి, 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం వల్ల భూమి హక్కుకు ఏ భంగమూ రాదని చదివి వినిపించాను. “నీ మీద నమ్మకం లేక కాదు అబ్బాయ్, సంతకం అంటేనే భయం” అన్నారు. మూడుసార్లు అడిగాను, పెట్టలేదు. కౌలు శిస్తు మాత్రం ఏటా గడువుకు ఒక్క రోజు ముందే అడుగుతారు.

నా ఓటు ఎగువ నియోజకవర్గంలోనే మిగిలింది. శివారుకు ఏకగ్రీవంగా ఎన్నికైనవారు భూమి ఉన్నవారే కాని, పట్నంలో కాపురం ఉంటారు. కాలువ నీరు వదిలే లష్కరు తూము ఎప్పుడు ఎత్తుతాడో, గుర్రపు డెక్క ఎక్కడ అడ్డం పడుతుందో తెలిసినవాడికి ఆ కుర్చీ దక్కకపోవడం నాకు న్యాయంగా తోచలేదు, ఈ మాట ఎవరి ఎదుటైనా చెబుతాను.

కౌలు రైతులు జాబితా వెలువడేదాకా ఆగవద్దు, అప్పటికి దారులన్నీ మూసుకుపోతాయి. ఏ కాగితం ఇచ్చినా నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకోండి. నేను మొదటి రోజు వేయించుకోలేదు, రెండో రోజు నా అర్జీయే లేదన్నారు. మా బోదె మీది కౌలు రైతులం పదకొండు మందిమి వచ్చే సార్వాకు (తొలి పంటకు) కౌలు మాట్లాడుకునే రోజునే, బయానా ఇవ్వకముందే, సాగు పత్రం మీద సంతకం అడగాలని నిర్ణయించుకున్నాం. ఆ పత్రాలు రాసే పని నాకు అప్పగించారు.